చాబీ

చీరాల్ల దిగి, ఆటోల వాడరేవు.
రెండు రూములు, ముందర ఇసుక, ఎనకాల రెండు కొబ్బరిచెట్లు.
కిరాయి మా వారాసిగూడ పైపోర్షన్‌కు సగం.
"ఆలోచించుకుని చెప్పండి బాబుగారూ" అన్నది నాగేంద్రమ్మ.
బాబుగారంట.
ముప్పై ఒక్క ఏండ్లు నన్ను అందరు
"ఓ నీళ్లాయనా" అని పిలిచినోళ్లే.

వారాసిగూడ, బౌద్ధనగర్, పార్సిగుట్ట కింది గల్లీలు,
గీ మూడింట్ల భూమి లోపల ఏమున్నదో
నాకు ఎరుక, ఇంక పందికొక్కులకు ఎరుక.
ఏ వాల్వు ఎన్ని సుట్లు తిప్పాలె,
ఏది మొరాయిస్తది,
ఏ మూత కింద తేలు కాపురముంటది.
తెల్లారుగట్ల నాలుగున్నరకు
నా చాబీ కణ్ మంటే
గల్లీ గల్లీల బిందెలు నిద్ర లేస్తుండె.

రిటైరైన పొద్దు శాలువ కప్పిండ్రు,
గోడగడియారం ఇచ్చిండ్రు,
చాబీ అడగుడు మర్సిపోయిండ్రు.
నేను గూడ యాది చెయ్యలే.
మంచం కింద పండుకోని ఉన్నది,
నా ఛాతి దాకా పొడుగు ఇనుము.

బాలమణికి మోకాళ్లు. మాకు మూడంతస్తుల మెట్లు.
డాక్టరేమో ఇసుకల నడువుమన్నడు.
పార్కుల ఉన్న ఇసుక ఎంత?
అండ్ల సగం పిల్లలది, సగం పిల్లులది.
గందుకే పోయినం, ఒకపారి చూసొద్దామని.

సముద్రం చూసి మొదాలు భయమైంది.
మునుగుతనని కాదు.
ఎవ్వరు ఇడువకుండనే వస్తున్నయి నీళ్లు.
టైం లేదు, లైను లేదు, కొట్లాట లేదు.
ఒక్కలు గూడ
"ఇయ్యాల ఎందుకు లేటయింది" అని అడుగుత లేరు.
చేతులు యాడ పెట్టుకోవాల్నో తెల్వక
ఎనకకు కట్టుకోని నిలవడ్డ.
బాలమణి కుచ్చిళ్లు ఎత్తిపట్టి
అల కాళ్ల మీదికొస్తే చిన్న పోరి లెక్క కేకేసింది.
ఇన్ని నోట్లె పోసుకోని, ఉమ్మేసి,
"గిన్ని నీళ్లుండి ఏం లాభమయ్యా, పప్పు ఉడకది" అన్నది.

గేటు గొళ్లెం ముట్టుకుంటే పొట్టు రాలింది.
ఫ్రిజ్జు కాళ్లు, కిటికీ ఊసలు, అన్ని తిన్నది గాలి.
"ఏటేటా రంగు వేయించుకోవాలండి, అంతే."
తుఫానొస్తే? "స్కూలు బిల్డింగు ఉందిగా."
పెద్ద దవాఖాన? "ఒంగోలో, గుంటూరో."
తాగే నీళ్లు?
ఆమె కొంచెం సిగ్గుపడ్డది.
"రోజు మార్చి రోజు ట్యాంకరండి."

తెల్లారి నాలుగున్నరకు తెలివొచ్చింది.
సందు మలుపుల, వాడుక నీళ్ల లైను మీద,
ఒక మూత కింద గుసగుస.
వంగి చెవి పెట్టిన.
గ్లాండు పోయింది. రెండు సుట్లు జనుము ఏస్తే ఆగుతది.
పక్కింట్ల పానా అడిగి తెచ్చిన.
లేచేటాలకు నలుగురు ఆడోళ్లు, ప్లాస్టిక్ బిందెలు.
"పంచాయితీ వాళ్లు పంపారాండీ?"
ఎందుకో
"ఆఁ" అన్న.

బాలమణి గడప కాడ నిలబడి అంత చూసింది.
ఏమన్లే. రైల్ల గూడ ఏమన్లే.
నల్లగొండ దాటినంక,
"ఆడికి పోయి గూడ గదే పనా" అన్నది.
తిట్టిందా, ఒప్పుకున్నదా?
నలభై ఏండ్ల కాపురంల
గా గొంతు ఒక్కటి నాకు ఇంక పట్టువడలే.

ఇరవై తారీఖు లోపల చెప్పాలె.
నిన్న గూడ రఫియా బేగం ఫోను,
"భయ్యా, పానీ కబ్ ఆతా?"
నేను దిగిపోయి ఏడాదైందమ్మా అన్న.
"మాలూమ్ హై. పానీ కబ్?"

ఇయ్యాల మంచం కిందికెళ్లి చాబీ గుంజిన.
గరుకు కాయితంతోటి రుద్ది
రెడాక్సైడ్ పూస్తున్న.
సముద్రపు గాలికి ఆగాలె గద.
లేకుంటే ఊరికే, ఇంట్ల ఉన్నా తుప్పు పట్టొద్దని.
బాలమణి వచ్చి కింద పాత పేపరు పరిచింది,
గచ్చు మీద రంగు కారకుండ.
"ఎప్పటికి ఆరుతది?" అన్నది.
"ఎండను బట్టి" అన్న.